గిట్ట గుంటల్లో నీళ్ళు

తోమాసుకు గొడ్లతో మాట్లాడటం వచ్చుగాని మనుషులతో రాదని భార్య మరియరాణి అంటూ ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. దేశంగాని దేశంలో, క్లైడ్ నార్త్‌లో హానిగన్ వాళ్ళ పాడిలో పనికి కుదిరిన మొదటి ఏడాది అతను మాట్లాడిన ఇంగ్లీషు మొత్తం పోగేస్తే గుప్పెడు కూడా ఉండదు. ఆవులతో మాత్రం పొద్దు పొడిచిన దగ్గర్నించి పొద్దు గూకేదాకా కృష్ణా జిల్లా తెలుగులో ఒకటే కబుర్లు. దా దా అంటే ఆ జెర్సీ ఆవులు వచ్చేవి. ఎహే, పక్కకి జరగవే అంటే జరిగేవి. పాలు పట్టుకెళ్ళే టాంకర్ డ్రైవరు ఒకరోజు ఈ తంతు చూసి, ఈ ఆవుల్ని ఏ దేశం నుంచి తెప్పించారని ముసలమ్మగారిని అడిగాడట.

ముసలమ్మగారంటే మిసెస్ హానిగన్. భర్త పోయాక కూడా మందను అమ్ముకోకుండా, డెబ్బై ఏళ్ళ వయసులో గమ్‌బూట్లు తొడుక్కుని తెల్లారకముందే పాలు పితికే షెడ్డులో ఉండే మనిషి. తోమాసును "టామ్" అని పిలిచేది. అతను ఆవిడను ఎదుట మిసెస్ హానిగన్ అనీ, ఇంట్లో ముసలమ్మగారు అనీ అనేవాడు. ఇద్దరూ తక్కువ మాటల మనుషులే కాబట్టి పేచీ లేకుండా నడిచిపోయింది.

తోమాసు ఈ దేశానికి వచ్చింది మరియరాణి పుణ్యమా అని. ఆమె మిషన్ ఆస్పత్రిలో చదువుకున్న నర్సు. ఎనభైల మొదట్లో ఇక్కడ ఉద్యోగం దొరికితే ముందు ఆమె, వెనకాల అతనూ వచ్చారు. వచ్చిన కొత్తలో డాండెనాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో అతన్ని చేర్పించింది. పని కష్టమని కాదు, జీతం చాలదనీ కాదు, సాయంత్రం షిఫ్ట్‌లో ఆ పెద్ద ఇనప షట్టరు దడదడా కిందికి దిగేసరికి అతనికి చెమటలు పట్టేవి. చేతిలో పని వదిలేసి బయటికి పరిగెత్తేవాడు. రెండుసార్లు ఊరుకున్నారు, మూడోసారి ఇంటికి పంపించేశారు. ఇంట్లోనూ అంతే. గడ్డకట్టే చలిలో కూడా పడకగది తలుపు ఓరగా తీసి ఉండాల్సిందే. మరియరాణి రెండు దుప్పట్లు కప్పుకుని, "నీకు పెళ్ళాం ఎందుకయ్యా, గాలిని చేసుకోవాల్సింది" అని సణుగుతూ పడుకునేది. సణిగేదే తప్ప లేచి తలుపు వేసేది కాదు. ఎందుకో ఆమెకు తెలుసు.

అతనిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. డెబ్బయ్యేడు ఉప్పెన నాడు పొద్దుట్నించీ గాలి ఉధృతంగా ఉంటే, వాళ్ళ నాన్న గొడ్లన్నిటినీ పాకలోకి తోలి జోడు తాళ్ళతో గుంజలకు కట్టి తడిక బిగించాడు. ఆయన చేసింది తప్పేమీ కాదు. ఊళ్ళో గొడ్లున్న ప్రతివాడూ అదే చేశాడు. గాలికి బెదిరి పారిపోకుండా కట్టెయ్యడం తాతల నాటి నుంచీ ఉన్నదే. కాని ఆ రోజు వచ్చింది గాలి ఒక్కటే కాదు, సముద్రం కూడా వచ్చింది. తోమాసు భార్యను పట్టుకుని చర్చి మిద్దె ఎక్కాడు. నాన్న గొడ్ల కట్లు విప్పి వస్తానని వెనక్కి వెళ్ళాడు. నీళ్ళు తీశాక చూస్తే గొడ్లన్నీ కట్టిన గుంజల దగ్గరే ఉన్నాయి. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. తడిసిన ముడి బిగుసుకుపోయి ఉంది, ఆయన వేళ్ళు ఆ ముడి మీదే ఉన్నాయి. కట్టెయ్యకుండా వదిలేసిన గేదె ఒకటి మాత్రం ఎక్కడో మైళ్ళ దూరాన ఒక మిట్ట మీద బతికి దొరికింది.

ఆ రోజు తోమాసు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రభువుకు మాట ఇచ్చాడు. గాలి లేచిన రోజున నోరు లేని జీవాన్ని లోపల పెట్టి తలుపు వెయ్యనని. దేవుడికి ఇచ్చిన మాట ఇంత దూరం వచ్చాక ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా అంటే, తోమాసులాంటి వాళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళకు వేరే ఆస్తి ఉండదు.

ఇక ఇక్కడి సంగతి. ఆ ప్రాంతంలో పెద్ద ఆవులు చలికాలమంతా బయటే ఉంటాయి. చలి వాటికి లెక్క కాదు. చిక్కంతా దూడలతోనే. ఈనిన కొద్ది రోజులకే తల్లి నుంచి విడదీసి, బకెట్లతో పాలు పట్టి పెంచుతారు. ఎండ కాసినన్నాళ్ళు వాటిని మిట్ట మీద కంచె వేసిన గడ్డి చేలో తిరగనిస్తారు. చలికాలం ముదిరాక ఎప్పుడో ఒకరోజు కిందికి తోలి రేకుల షెడ్డులో పెట్టేయాలి. ఆ ఒకరోజు ఏ రోజన్నదే అసలు ప్రశ్న. తొందరపడి పెడితే ఇరుకులో మూసిన గాలికి దగ్గులు, పారుడు పట్టుకుంటాయి. ఆలస్యం చేస్తే దక్షిణం నుంచి వచ్చే వాన గాలి దూడల్ని నిలువునా కోసేస్తుంది.

మిసెస్ హానిగన్‌కు భర్త నేర్పిపోయిన గుర్తు ఒకటి ఉండేది. మిట్ట మీద ఆవుల గిట్టలు దిగబడిన గుంటలు చూడాలి. పొద్దున నిలిచిన నీళ్ళు సాయంత్రానికి ఇంకితే ఫరవాలేదు. మర్నాడు పొద్దున కూడా ఆ నీళ్ళు అక్కడే ఉంటే, నేల ఇక తాగలేనని చెప్పినట్టు. అప్పుడు ఆకాశం వంక చూడొద్దు, రేడియో వినొద్దు, దూడల్ని లోపలికి తోలెయ్యాలి.

ప్రతి ఏడూ ఆవిడే ఆ గుంటల దగ్గర వంగి చూసేది. ఆవిడే "ఇవాళ, టామ్" అనేది. తోమాసు దూడల్ని షెడ్డు దాకా తోలేవాడు. సరిగ్గా తలుపు వేసే వేళకు అతనికి బకెట్లు కడిగే పని గుర్తొచ్చేది. ఆవిడే రేకు తలుపు లాగి గడియ పెట్టేది. ఇది ఆవిడ గమనించిందో లేదో తెలియదు. అడగలేదు, అతనూ చెప్పలేదు. పని జరిగిపోతున్నంత కాలం ఎవరి గుట్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది కదా!

ఆ సంవత్సరం జూన్ చివర్లో, అక్కడ చలికాలం ముదిరే వేళకు, మిసెస్ హానిగన్ పాల షెడ్డు ముందు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చేర్చింది మరియరాణి పనిచేసే ఆస్పత్రిలోనే. స్ట్రెచర్ మీద ఉండి కూడా ఆవిడ అన్నమాట ఒక్కటే: "దూడల సంగతి నీదే, టామ్. గుంటలు చూస్తూ ఉండు."

తోమాసు తలూపాడు. తల ఊపడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, ధైర్యం కూడా అక్కర్లేదు.

జూలై మొదట్లో ముసురు పట్టింది. తోమాసు రోజూ పొద్దున్నే మిట్ట ఎక్కి గుంటల్లోకి చూసేవాడు. దూడలన్నీ చుట్టూ మూగేవి. వాటిలో బొల్లి అని ఒకటి ఉండేది, నుదుటి మీద తెల్లటి మచ్చ, మిసెస్ హానిగన్ భర్త తన చేతులతో పెంచిన ఆఖరి ఆవుకు పుట్టిన పెయ్య. ఆ పేరు పెట్టింది తోమాసే. ముసలమ్మగారు దాన్ని "బోలీ" చేసింది. అది వచ్చి అతని వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరించేది. ఒకనాటి పొద్దున అట్లా వేళ్ళు దాని నోట్లో ఉండగానే, నిన్నటి నీళ్ళు గుంటల్లో అలాగే ఉండటం అతను చూశాడు. ఒక గుంటలో కాదు, అన్నిట్లోనూ.

చూసి, రేపు కూడా చూద్దాంలే అనుకున్నాడు.

సాయంత్రం మరియరాణి డ్యూటీ నుంచి వచ్చి కోటు విప్పుతూ అడిగింది.

"ఏవయ్యా, ముసలమ్మగారు మళ్ళీ అడిగింది. దూడల్ని షెడ్డులో పెట్టావా?"

"పెడతాలే. నేల ఇంకా అంత తడవలా."

"తడవకపోవడమేంటి? నా షూస్ చూడు, కార్ దగ్గర్నించి గుమ్మం దాకా వచ్చేసరికి ఎట్టా అయినయ్యో! ఆవిడ బెడ్ మీద పడుకుని అదే ధ్యానం. డాక్టర్‌తో కూడా దూడల మాటే. నేనేం చెప్పను?"

"చూస్తన్నాడని చెప్పు."

"రోజూ అదే చెప్తన్నా." ఆమె గొంతు తగ్గించింది. "పోనీ, నేనొచ్చి తలుపేస్తా. ఆదివారం నాకు ఆఫ్."

ఆదివారానికి ఇంకా రోజులున్నాయి. వానకు ఆదివారమని తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం గాలి దక్షిణానికి తిరిగింది. రేడియోలో గొర్రెల వాళ్ళకు హెచ్చరిక చదివారు, చలిగాలీ వానా కలిసి వస్తున్నాయనీ, మందల్ని చాటుకు చేర్చుకోమనీ. గొర్రెలకు చెప్పింది దూడలకు కాదనుకోవడానికి తోమాసు వెర్రివాడు కాదు. గబగబా మిట్ట ఎక్కాడు. దా దా అంటూ దూడల్ని పిలిచాడు. అవి తోకలెత్తి దిగి వచ్చాయి. షెడ్డులో ముందే పరిచి ఉంచిన ఎండుగడ్డి పసుప్పచ్చగా మెరుస్తోంది. అన్నిటినీ లోపలికి తోలాడు. బొల్లి ఆఖరున వచ్చింది. రేకు తలుపు లాగాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వాసన తగిలింది. దక్షిణాన కొన్ని మైళ్ళలోనే సముద్రపు పాయ ఉంది. గాలి అటునుంచి ఉప్పు మోసుకొస్తోంది. ఆ నేలంతా ఒకప్పటి చిత్తడి నేల, కాలువలు తవ్వి నీళ్ళు తోడేసి చేలు చేశారు. షెడ్డు ఉన్నది పల్లంలో, పెద్ద మురుగు కాలువ పక్కనే. ఆ కాలువ ఎర్రగా సుడులు తిరుగుతూ గట్టు అంచుకు జానెడు కిందుగా పారుతోంది. లోపల దూడలు కొత్త చోటికి బెదిరి అరుస్తున్నాయి. మూసిన తలుపు వెనక నుంచి వచ్చే ఆ అరుపు తోమాసు ఇంతకుముందు విన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల పెడితే నీళ్ళు, బయట పెడితే గాలి. గిట్ట గుంటలు ఒకటి చెబుతున్నాయి, ముక్కుకు తగిలే ఉప్పు ఇంకొకటి చెబుతోంది. ముసలమ్మగారి భర్త ఈ నేల మీద పుట్టి ఈ నేల మీదే పోయినవాడు. ఆయన మాట నిజమని తోమాసు బుర్రకు తెలుసు. కాని గడియ మీద ఉన్నది బుర్ర కాదుగా! చెయ్యి. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. "ప్రభువా, నావల్ల కాదు" అని పైకే అన్నాడు. తలుపు బార్లా తీసి, దూడల్ని మళ్ళీ మిట్ట మీదికి తోలాడు.

ఎత్తున ఉంటే బతుకుతాయి. అతనికి తెలిసిన సత్యం అదొక్కటే, ప్రాణాలు పెట్టి కొనుక్కున్న సత్యం. మిట్ట మీద మాత్రం చాటుకు చెట్టన్నది లేదు, తీగ కంచె తప్ప. ఎండుగడ్డి మోపులు యూట్ అనే చిన్న ట్రక్కు మీద వేసుకొచ్చి గోడలా పేర్చాడు. వాన మొదలయ్యాక గాలి వాటిని ఒక్కొక్కటే దొర్లించేసింది. మళ్ళీ పేర్చాడు, మళ్ళీ పడ్డాయి. వాన అడ్డంగా కొడుతోంది, మధ్యమధ్య మంచుపలుకులు. చీకటి పడే వేళకు మరియరాణి గొడుగు కూడా లేకుండా కంచె దాకా వచ్చి కేకలేసింది.

"ఏవయ్యా! నీకేమైనా పిచ్చా? నిలువునా తడిసిపోయావు! వాటిని కిందికి తోలు, నేను తలుపేస్తా!"

"కాలవ పొంగుతంది రాణీ! పల్లంలో పెడితే పోతయ్యి!"

ఆమె కాలువ వైపు చూసింది. చీకట్లో ఏమీ కనపడలేదు, నీళ్ళ హోరు మాత్రం వినపడింది. ఆ హోరు ఆమెకూ తెలుసు. ఆమె కూడా ఆ రోజు ఆ చర్చి మిద్దె మీద ఉన్నదే. నర్సుగా చదివిన చదువంతా ఒకటి చెబుతుంటే, కాళ్ళు మాత్రం పల్లంలోని షెడ్డు వైపు వెళ్ళనన్నాయి. చివరికి దూడల సంగతి వదిలేసి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. అతని పెదవులు నీలంగా మారాయి మరి.

తెల్లారేసరికి వాన తెరిపి ఇచ్చింది. తోమాసు ముందు షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు ముందు అక్కడికే వెళ్ళాడో అడిగితే చెప్పలేడు. కాలువ గట్టు దాటలేదు. షెడ్డు గుమ్మం దాకా ఒక్క చుక్క రాలేదు. లోపల పరిచిన ఎండుగడ్డి నిన్నటిలాగే పసుప్పచ్చగా, పొడిగా ఉంది. వంగి చేత్తో తడిమి చూశాడు. వెచ్చగా కూడా ఉంది.

మిట్ట మీద దూడలు కంచె మూలకు ఒరుసుకుని ఉన్నాయి. కొన్ని నిలబడి ఉన్నాయి, తలలు వేలాడేసుకుని. దాదాపు సగం పడుకుని ఉన్నాయి. పడుకున్నవి లేవలేదు. బొల్లి మూలకల్లా అడుగున ఉంది. మిగతావన్నీ దాన్ని ఒత్తుకుని వెచ్చదనం వెతుక్కున్నాయి కాబోలు. తోమాసు దాని నోట్లో వేళ్ళు పెట్టాడు. నాలుక చల్లగా ఉంది. అతను అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాడు. బతికున్న దూడలు బకెట్ తెచ్చాడేమోనని అతని చుట్టూ చేరాయి.

పాలు తాపాడు, గోనెలతో ఒళ్ళు రుద్దాడు. షెడ్డులోకి మాత్రం తోలలేదు. తోలుదామని రెండుసార్లు బయల్దేరి దారిలోంచే వెనక్కి తిప్పాడు. ఇదంతా చూసిన మీదట కూడా, నీళ్ళు రాలేదని తెలిసిన మీదట కూడా అంతే. మనిషిని చావగొట్టేది తెలియకపోవడం కాదు, తెలిసి కూడా చెయ్యి రాకపోవడం.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళాడు. మరియరాణి వార్డులోనే ఉంది, యూనిఫాంలో. అతని మొహం చూసి పక్కన వచ్చి నిలబడింది. తోమాసు తనకొచ్చిన గుప్పెడు ఇంగ్లీషులోనే చెప్పాడు. చలి. వాన. దూడలు పోయాయి, సగం. బోలీ కూడా.

మిసెస్ హానిగన్ నెమ్మదిగా అడిగింది.

"షెడ్డులోకి నీళ్ళొచ్చాయా, టామ్?"

అవును అనవయ్యా, ఒక్క మాట, అవును అను అని మరియరాణి లోలోపలే బతిమాలుకుంది. మంచం మీది నుంచి లేవలేని మనిషి వచ్చి చూడబోతుందా?

"రాలేదు" అన్నాడు తోమాసు. "పొడిగా ఉంది."

"మరి గుంటలు చూడలేదా?"

"చూశాను. నీళ్ళు ఇంకలేదు. దూడల్ని లోపల పెట్టాను కూడా. తలుపు…" కుడి చెయ్యి ఎత్తి చూపించాడు, అదేదో తనది కానట్టు. "ఇది రాలేదు."

అప్పుడు మరియరాణి చెప్పింది. ఈ దేశానికి వచ్చాక ఎవరికీ చెప్పనిది. సముద్రం వచ్చిన సంగతి, జోడు తాళ్ళ సంగతి, ముడి మీద మామగారి వేళ్ళ సంగతి. మిసెస్ హానిగన్ అంతా విన్నది. కళ్ళు తుడుచుకుంది కూడా. కాని ఆవిడ మెత్తటి మాటల మనిషి కాదు.

"ఇది నాకు ముందే చెప్పాల్సింది. గడియ పెట్టడానికి ఇంకెవరినైనా పిలిపించేదాన్ని."

అంతకంటే న్యాయమైన మాట లేదు. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాట చెప్పకుండా బకెట్లు కడుగుతూ తప్పించుకున్న సంగతి తోమాసుకు అప్పుడు తెలిసొచ్చింది. తల దించుకున్నాడు.

"మిగిలినవి లోపల ఉన్నాయా?" అంది ఆవిడ.

అతను తల ఎత్తలేదు.

"సాయంత్రానికి మళ్ళీ గాలి లేస్తుందంటున్నారు, టామ్."

మరియరాణి వార్డు సిస్టర్‌ను బతిమాలి సెలవు పెట్టి, యూనిఫాం మీద కోటు కూడా వేసుకోకుండా కారెక్కింది. వాళ్ళు చేరేసరికే దక్షిణపు ఆకాశం సిరా ఒలికినట్టు అయింది. ఇద్దరూ కలిసి మిగిలిన దూడల్ని కిందికి తోలారు. అవి తోకలెత్తలేదు, ఈడ్చుకుంటూ నడిచాయి. షెడ్డులోకి అన్నీ వెళ్ళాక ఆమె రేకు తలుపు పట్టుకుంది.

"నువ్వు ఇంటికెళ్ళవయ్యా. నేనేసి వస్తా."

అతను వెళ్ళలేదు. కాలువ వంక చూశాడు. దూడల వంక చూశాడు. తర్వాత తలుపు సందులోంచి దూరి తనూ లోపలికి వెళ్ళాడు.

"ఏంటిది? బయటికి రా!"

"నువ్వు వేసెయ్ రాణీ. నేను వాటితో ఉంటా."

"నీకు ఊపిరాడదు. నాకు తెలుసు. ఫ్యాక్టరీలో ఏమైందో గుర్తులేదా?"

"వేసెయ్. నేను అడిగినా తియ్యమాక."

ఆమె తలుపు లాగింది. గడియ పెట్టింది. వాన మొదలైంది. లోపల దూడలు అరిచాయి, కాసేపటికి ఊరుకున్నాయి. ఆ తర్వాత అతని ఊపిరి వినపడింది, పరిగెత్తి వచ్చినవాడిలా.

"రాణీ, ఉన్నావా?"

"ఉన్నా."

"నీళ్ళేమన్నా వస్తన్నయ్యా?"

"రావట్లేదు. కాలవ కాలవలోనే ఉంది."

తర్వాత రేకు మీద అరచేతులతో కొట్టడం మొదలుపెట్టాడు, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. "తియ్యి రాణీ! తియ్యవే! నీకు దండం పెడతా!" దూడలు మళ్ళీ అరిచాయి. ఆమె చెయ్యి గడియ మీదే ఉంది. తీస్తే ఆయన వాటిని మళ్ళీ బయటికి తోలేస్తాడు, దూడలు పోతాయి. తియ్యకపోతే ఆయనేమవుతాడో ఆమెకు తెలియదు. ఏళ్ళ తరబడి ఎందరి నాడో పట్టుకుని చూసిన ఆ చెయ్యి, ఏం చెయ్యాలో తోచక ఆ ఇనప గడియనే గట్టిగా పట్టుకుంది. వానకు యూనిఫాం ఒంటికి అతుక్కుపోయింది.

"ఉన్నానయ్యా, ఇక్కడే ఉన్నా" అంటూ, ఆమె ఏడుస్తూ నిలబడింది. గడియ తియ్యలేదు.